సేఫ్టీ వేసే ఉందిగా అనుకోకండి

నా దగ్గర షూటింగ్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను ముందుగా అడిగేది రైఫిల్ మూతి ఎటు ఉందని. పేలకుండా ఆపే మీట, అంటే సేఫ్టీ, సంగతి ఆ తర్వాతే.

సేఫ్టీ కూడా అరిగే, మురికి పట్టే ఇనుప ముక్కే. తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ, అంటే బోల్ట్, మూయగానే వెనక్కి లాగి ఉన్న, తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్‌ను సియర్ అనే చిన్న భాగం అంచు ఆపి ఉంచుతుంది. ఆ పట్టు చాలా రైఫిళ్లలో మిల్లీమీటరు కూడా ఉండదు. అక్కడ నూనె ఎండి జిగురైనా, ఇసుక రేణువు ఇరుక్కున్నా, ట్రిగ్గర్ తేలిగ్గా లాగాలని ఎవరైనా స్క్రూ అతిగా తిప్పినా పట్టు జారిపోవచ్చు. పైగా కొన్ని సేఫ్టీలు ట్రిగ్గర్‌ను మాత్రమే బిగిస్తాయి, ఫైరింగ్ పిన్‌ను ముట్టుకోవు.

కొత్త రైఫిల్‌కు ఈ బెడద ఉండదనుకోకండి. తయారీలో వాడిన అతికించే పదార్థం ఎక్కువైతే తుపాకీ దానంతటదే పేలే ప్రమాదం ఉందని 2014 ఏప్రిల్‌లో రెమింగ్టన్ కంపెనీ మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లలోని ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లను వెనక్కి పిలిపించింది.

ఇక రైఫిల్ దానంతటదే పేలుతుందేమో చూసే పరీక్ష. తూటాల పెట్టె, అంటే మ్యాగజైన్, ముందు తీయండి, బోల్ట్ తర్వాత తెరవండి. వరస తప్పితే ఇంకో తూటా, గొట్టం వెనక తూటా కూర్చునే ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. ఛాంబర్‌ను కంటితో చూసి, చిటికెన వేలితో తడమండి. మీరు పరీక్ష చేసే గదిలోనే తూటాలు ఉండకూడదు. తూటా అంచును కొట్టి పేల్చే రిమ్‌ఫైర్ రైఫిల్ అయితే డమ్మీ తూటా వాడండి, లేకపోతే పిన్ ఛాంబర్ అంచును కొడుతుంది.

బోల్ట్ మూసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్‌ను గట్టిగా లాగి వదిలేయండి. ఇప్పుడు ట్రిగ్గర్ జోలికి పోకుండా సేఫ్టీ తీయండి. ఆ క్షణంలో టిక్కుమంటే పిన్ ముందుకు దూకినట్టే, ఆ రైఫిల్‌లో తూటా వేయకండి. నన్నడిగితే అన్నిటికన్నా భయంకరమైన లోపం ఇదే, ఎందుకంటే గురి చూడకముందే, తుపాకీని ఇంకా సర్దుకుంటూ ఉండగానే పేలుతుంది. సేఫ్టీ మీటను సగంలో ఆపి కూడా ఇలాగే చూడండి. తర్వాత సేఫ్టీ తీసి ఉంచి, బోల్ట్‌ను నాలుగైదుసార్లు విసురుగా మూయండి. మూసిన ప్రతిసారీ భుజానికి ఆనించే బట్‌ను రబ్బరు చాప మీద కాస్త గట్టిగా తట్టండి. పిన్ కదలకూడదు.

కొన్ని పాత రైఫిళ్లలో సేఫ్టీ తీస్తేనే బోల్ట్ తెరుచుకుంటుంది. అంటే తూటా బయటికి తీస్తున్నప్పుడే రక్షణ లేదన్నమాట. అలాంటిది మీ దగ్గరుంటే, మూతిని గట్టి మట్టి దిబ్బ వైపే పెట్టి ఖాళీ చేయండి, వేలు ట్రిగ్గర్ గార్డ్ బయటే ఉంచండి.

ఒక్కసారి టిక్కుమని, మళ్లీ పదిసార్లు మామూలుగా ఉన్నా దాన్ని చెడిపోయినట్టే లెక్కగట్టండి. స్క్రూలు మీరు తిప్పకండి. ఏం చేస్తుంటే టిక్కుమందో కాగితం మీద రాసి, రైఫిల్‌కు కట్టి, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు ఇవ్వండి. బాగుచేసి ఇచ్చాక ఈ పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయండి.