రిపీటర్ జేబు గడియారం కొనేముందు 12:59కి పెట్టి వినండి

మా నాన్న కాజీపేటలో గూడ్స్ గార్డు. డ్యూటీకి బయలుదేరే ముందు జేబు గడియారానికి చావి ఇచ్చి, ఒకసారి చెవి దగ్గర పెట్టుకునేవారు. ఆ అలవాటు నాకూ వచ్చింది. ఇప్పుడు నా దగ్గర 23 జేబు గడియారాలున్నాయి. వాటిలో మూడు రిపీటర్లు, అంటే పక్కనున్న మీట జరిపితే అప్పటి టైమ్‌ను దెబ్బలు కొట్టి చెప్పేవి. కొత్తగా సేకరించేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఈ రకంతోనే, అందుకే దీని గురించే రాస్తున్నాను.

సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం 12 గంటలు కొట్టడం వినడానికి జనం గుమిగూడతారు కదా, అలాంటి ముచ్చటే అరచేతిలో ఉంటుందనుకోండి. కరెంటు లేని రోజుల్లో చీకట్లో టైమ్ తెలియడానికి చేసిన ఏర్పాటు ఇది. ఇంగ్లండ్‌లో దీని పేటెంట్ కోసం ఇద్దరు పోటీపడితే, 1687లో రాజు డేనియల్ క్వేర్ వైపు మొగ్గాడు.

లోపల నత్తగుల్లలా మెట్లు మెట్లుగా కోసిన బిళ్లలుంటాయి. గంటల బిళ్లకు 12 మెట్లు, పావుగంటల బిళ్లకు 4. నిమిషాల బిళ్లకు నాలుగు చేతులు, ఒక్కో చేతికి 14 మెట్లు. మీట జరిపితే ఒక ముక్క వెళ్లి మెట్టు మీద ఆనుతుంది. ఆ మెట్టు ఎంత లోతుగా ఉంటే సుత్తి అన్ని దెబ్బలు కొడుతుంది. కొట్టడానికి కావాల్సిన కమాన్‌ను (స్ప్రింగ్‌ను) బిగించేది కూడా మీరు జరిపే ఆ మీటే.

ఇక పరీక్ష. ముళ్లను ముందుకే తిప్పుతూ 12:59కి పెట్టండి. మీటను చివరిదాకా జరిపి వదిలేయండి. గంటలకు బొంగురుగా 12 దెబ్బలు, తర్వాత మూడు పావుగంటలకు జంట దెబ్బలు మూడుసార్లు, ఆఖరున మిగిలిన నిమిషాలకు సన్నగా 14 రావాలి. మొత్తం 32 దెబ్బలు. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టండి. పావుగంటల దాకే చెప్పే క్వార్టర్ రిపీటర్ అయితే జంట దెబ్బలతోనే ఆగిపోతుంది, అది లోపం కాదు.

దీనికన్నా ముఖ్యమైనది తర్వాతి నిమిషం. 1:00 దాటగానే మళ్లీ మీట జరపండి. ఒక్కటే దెబ్బ పడాలి. ఒకటి కొట్టి, వెనకాలే జంట దెబ్బలు కూడా వచ్చాయంటే లోపల ఏదో అరిగింది, లేదా ఎవరో సరిగ్గా బిగించలేదు. అమ్మేవాళ్లు దీన్ని చూపించరు. 3:10కో 4:20కో పెట్టి వినిపిస్తారు. మీరే అడిగి చేయించండి. మీటను సగమే జరిపి కూడా చూడండి. మంచి పనితనం ఉన్నదైతే అసలు కొట్టదు, తక్కువ రకమైతే తప్పు లెక్క కొడుతుంది.

నా మొదటి రిపీటర్‌ను హైదరాబాద్‌లో ఒక వ్యాపారి దగ్గర కొన్నాను. ఇంటికొచ్చి వెనక మూత తీస్తే, మూత మీది నంబరు ఒకటి, లోపలి మూత మీది నంబరు ఇంకొకటి. రెండు గడియారాలను కలిపి ఒకటి చేశారు. కొనేముందే మూతలన్నీ తీయించి నంబర్లు సరిచూసుకోండి. 0.800, 0.935 లాంటి వెండి స్వచ్ఛత ముద్రలు కూడా అక్కడే ఉంటాయి. ఎనామిల్ డయల్‌ను వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే సన్నని పగుళ్లు కనిపిస్తాయి. వాటికి భయపడక్కర్లేదు. పెచ్చు ఊడి, రంగు పూసి ఉంటే మాత్రం వదిలేయండి.

అదే గడియారాన్ని తర్వాత నేనే పాడుచేశాను. అది కొడుతుండగా తొందరపడి ముళ్లు తిప్పాను. లోపల టక్కుమంది. వరంగల్ చౌరస్తా దగ్గర నా గడియారాలు చూసే ఉస్తాద్ భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశారు.

"కొట్టుడు ఆగేదాకా ముల్లు ముట్టొద్దు బిడ్డా. అది మెట్టు మీద కాలు పెట్టి ఉంటది."

"విరిగిన ముక్క దొరుకుతుందా ఉస్తాద్?"

"దొరకది. చెయ్యాలె."

ఉక్కు రేకు కోసి, ఆకురాయితో అరగదీసి చేయడానికి నాలుగు నెలలు పట్టింది. అందుకే చెబుతున్నా, రిపేరు చేసే మనిషి దొరికాకే రిపీటర్ కొనండి. మామూలు వాచీలు బాగుచేసే అందరూ దీని జోలికి రారు, వచ్చినా భయమే.

మన ఎండలకు నూనె త్వరగా పాడవుతుంది కాబట్టి బీరువాలో చల్లటి అర చూసి పెట్టండి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. స్పీకర్లకు దూరంగా ఉంచండి. గడియారం నడకను అదుపుచేసే సన్నని హెయిర్ స్ప్రింగ్‌కు అయస్కాంతం పట్టిందంటే గడియారం ఉన్నట్టుండి గంటకు చాలా నిమిషాలు ముందుకు పరుగెత్తుతుంది.

వందేళ్లు దాటిన గడియారం 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని విదేశంలో ఉన్న అబ్బాయికో అమ్మాయికో పంపిద్దామనుకోవద్దు.

నెలకోసారి చావి ఇచ్చి ఒక్కసారి కొట్టించండి. నేను నెలలో ఒక ఆదివారం పొద్దున, వీధిలో బండ్ల రొద మొదలవకముందు మూడింటినీ 12:59కి పెట్టి వింటాను. దెబ్బల లెక్క తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఒక్క దెబ్బ తగ్గినా, ఆ వారమే ఉస్తాద్ దగ్గరికి పోతాను.