యూదు ధర్మంలో అప్పిచ్చినవారికి కృతజ్ఞత చెప్పే తీరు

ఒక యూదుడు సాటి యూదుడి దగ్గర చేబదులు తీసుకుంటే, అదనపు డబ్బే కాదు, అప్పు కారణంగా పలికే మంచిమాట కూడా యూదు ధర్మం నిషేధించిన వడ్డీ కిందికి రావచ్చు. దీన్ని ‘రిబ్బీత్ దెవారీమ్’, అంటే మాటల వడ్డీ అంటారు. యూదు ధర్మశాస్త్ర గ్రంథమైన షుల్హాన్ ఆరూఖ్‌లో, యోరె దేఆ అనే భాగం 160వ అధ్యాయంలో ఈ నియమాలున్నాయి.

డబ్బు అందుకునేటప్పుడు పొగడ్తలు, దీవెనలు వద్దు. “మీరు గొప్ప మిత్స్వా (ధర్మం ఆదేశించిన మంచిపని) చేశారు” అనండి, ఆ మంచిపనిని గుర్తించినట్టవుతుంది. మామూలు మర్యాదగా ఒక్క “థాంక్స్” అనడాన్ని కొందరు రబ్బీలు (యూదు మతగురువులు) ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. అందుకే మీ రబ్బీని ముందే అడగండి.

ఎక్కువగా పొరపాటు జరిగేది అప్పు తీర్చేటప్పుడు. 1,000 షెకెళ్లు (ఇజ్రాయెల్ కరెన్సీ) తెచ్చుకుంటే 1,000 మాత్రమే ఇవ్వాలి, పక్కన స్వీట్ల డబ్బా పెట్టకూడదు. తీర్చేశాక “మీ డబ్బు ఇన్నాళ్లు నా దగ్గరుండిపోయింది కదా” అని కానుక పంపినా నిషిద్ధమే. అప్పు అడగబోతూ ముందుగా పంపేదీ అంతే. ఇదివరకు లేని అలవాటుగా, అప్పిచ్చారని కొత్తగా ఎదురెళ్లి పలకరించడమూ తగదు. పాత స్నేహంలోని అలవాట్లు మాత్రం మానక్కర్లేదు.

సుత్తి, కారు లాంటివి ఎరువు తెచ్చుకుని అదే వస్తువు తిరిగిచ్చే చోట ఈ నిబంధన లేదు. అక్కడ మనసారా థాంక్స్ చెప్పండి.