ఫార్చ్యూనర్‌కి కొత్త షాక్స్ వేయించే ముందు చూసుకోవాల్సినవి

షాకబ్జార్బర్ బండి బరువు మోయదు. బరువు మోసేది స్ప్రింగ్. గతుకులో కుంగి లేచిన స్ప్రింగ్ అలా ఊగుతూ ఉండిపోకుండా ఆపడమే షాక్ పని. లోపలి ఆయిల్‌ని పిస్టన్ సన్నటి వాల్వుల గుండా తోస్తుంది, ఆ ఊపంతా వేడిగా మారి బయటికి పోతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది. మూడు వరసలూ నిండగానే బండి వెనక కూలబడుతోందని షాక్స్ మార్పించేవాళ్లు చాలామంది. కొత్తవి వేసినా అంతే కుంగుతుంది, ఎందుకంటే అలసిపోయింది స్ప్రింగ్.

ఇక్కడ ఫార్చ్యూనర్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాం. 2009లో మన దేశానికి వచ్చిన మొదటి తరం బండైనా, 2016 చివర్లో వచ్చిన రెండో తరమైనా అమరిక ఒకటే. ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా పట్టుకునే రెండు చేతుల అమరిక), షాక్ చుట్టూ స్ప్రింగ్. వెనక రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు), స్ప్రింగ్ ఒకచోట, షాక్ ఇంకోచోట. ఎండీవర్, స్కార్పియో-ఎన్ ఉన్నవాళ్లకీ ఇందులో ఎక్కువ భాగం పనికొస్తుంది.

ముందు తప్పు షాక్‌దేనా?

మొదట టైర్లలో గాలి చూడండి. డ్రైవర్ డోర్ పక్కనున్న స్టిక్కర్ మీద రాసినదానికంటే ఐదారు పీఎస్ఐ ఎక్కువ కొట్టించి, బండి గట్టిగా కొడుతోందని షాక్స్‌ని అనుమానించడం మామూలైపోయింది. చల్లటి టైర్‌లో సరైన ప్రెషర్ పెట్టి రెండు రోజులు నడిపి, ఆ తర్వాత మాట్లాడుకోవాలి.

కిందికి వంగి షాక్ బాడీ చూడండి. రాడ్ దిగే చోట సీల్ చుట్టూ కాస్త చెమ్మ, దానికి అంటిన దుమ్ము ఉంటే అది మామూలే. ఆయిల్ ధారగా సగం బాడీ దాకా కారి, మట్టితో ముద్ద కట్టి ఉంటే ఆ షాక్ అయిపోయినట్టే. బానెట్ మీద నొక్కి ఊపి చూసే పాత పద్ధతి ఇంత బరువు బండికి పెద్దగా పనిచేయదు. స్ప్రింగ్ గట్టిది, చేత్తో ఎంత నొక్కినా సరిగ్గా కుంగదు. దానికంటే నమ్మదగ్గది వేడి పరీక్ష. గతుకుల రోడ్డు మీద పదిహేను, ఇరవై నిమిషాలు నడిపి ఆపగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఎడమ, కుడి షాక్స్ వేడి పోల్చండి. పనిచేసే షాక్ వేడెక్కుతుంది, చచ్చింది చల్లగా ఉంటుంది. వెనకైతే సైలెన్సర్ వేడి తగిలే వైపు లెక్కలో పెట్టుకోండి.

టైర్ ట్రెడ్ మీద అరచేయి పెట్టి చుట్టూ తిప్పండి. ఎత్తుపల్లాలుగా, చెంచాతో అక్కడక్కడ తోడినట్టు అరిగి ఉంటే చక్రం రోడ్డు మీద నిలవకుండా ఎగురుతోందని అర్థం. సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బ కాచే బంప్ స్టాప్ రబ్బర్లు చిరిగినా, నలిగి మెరుస్తున్నా సస్పెన్షన్ తరచూ అడుగంటుతోందని గుర్తు. ఇక టకటక శబ్దమంటారా, అది ఎక్కువసార్లు షాక్‌ది కాదు. లింక్ రాడ్, లోయర్ ఆర్మ్ బుష్, బాల్ జాయింట్ ముందు చూపించండి.

కిలోమీటర్ల లెక్క కావాలంటే 80 వేల దగ్గర ఒకసారి నిదానంగా పరీక్ష చేయించడం మంచిది. మట్టి రోడ్లలో తిరిగే బండికి ఇంకా ముందే.

పొడవు తప్పితే ఏ బ్రాండూ కాపాడదు

బ్రాండ్ గురించి అడిగేవాళ్లే అందరూ, పొడవు గురించి అడిగేవాళ్లు తక్కువ. పాడయ్యే కొత్త షాక్స్‌లో కొన్నిటికి అసలు కారణం పొడవే.

బండి కంపెనీ ఎత్తులోనే ఉంటే పని సులువు. ఛాసిస్ నంబర్‌తో పార్టు నంబర్ తీయించండి. టొయోటా వరసలో ముందు షాక్‌కి సాధారణంగా 48510తో, వెనక షాక్‌కి 48531తో మొదలవుతుంది. మోడల్ సంవత్సరం, టూ వీల్ డ్రైవా ఫోర్ వీల్ డ్రైవా అన్నదాన్నిబట్టి మిగతా అంకెలు మారతాయి. "ఫార్చ్యూనర్‌దే సార్, సరిపోతుంది" అన్న మాట మీద కొనకండి. టొయోటా పికప్ హైలక్స్‌వి వేసేద్దామన్న సలహా కూడా వినిపిస్తుంటుంది. హైలక్స్ వెనక ఉండేది కమాను కట్టలు, మీ బండికున్నది కాయిల్ స్ప్రింగ్. వెనక షాక్ విషయంలో ఆ బేరం వద్దు.

ఎత్తు పెంచిన బండికి లెక్క వేరు. 40, 50 మి.మీ. పొడవైన స్ప్రింగ్ వేసి పాత పొడవు షాక్ ఉంచితే, చక్రం గుంతలోకి దిగిన ప్రతిసారీ రాడ్ చివరిదాకా సాగి లోపల ఢీకొంటుంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనకనుంచి 'టక్' మని వినిపిస్తుంది. కొన్నాళ్లకు సీల్ పోతుంది, లేదా పైన మౌంట్ (షాక్‌ని బిగించే చోటు) ఊడుతుంది. దీనికి తిరగేసిన తప్పు ఇంకా ప్రమాదం: కంపెనీ ఎత్తులోని బండికి లిఫ్ట్ కిట్ (ఎత్తు పెంచే సెట్) షాక్ వేయడం. బంప్ స్టాప్ తన పని తాను చేసేలోపే షాక్ పూర్తిగా మూసుకుపోయి, బండి బరువంతా రాడ్ మీద, బ్రాకెట్ మీద పడుతుంది.

కాబట్టి బండి ఎత్తు పెంచి ఉంటే కొలవండి. ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలిపి, వెనక స్ప్రింగ్‌లు తీసి, జాక్‌తో యాక్సిల్‌ని బంప్ స్టాప్ సగం నలిగేదాకా ఎత్తండి. ఆ స్థితిలో షాక్ పై మౌంట్‌నుంచి కింది మౌంట్‌కి ఎంత దూరముందో టేపుతో రాసుకోండి. కొనబోయే షాక్ మూసినప్పటి పొడవు దీనికంటే కనీసం 10 మి.మీ. తక్కువ ఉండాలి. తర్వాత యాక్సిల్‌ని మెల్లగా దించుతూ బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు బిగుసుకునేలోపు ఆపి మళ్లీ కొలవండి. షాక్ సాగినప్పటి పొడవు దీన్ని దాటకూడదు. వెనక యాక్సిల్ ఎంత వేలాడాలో నిర్ణయించేది షాకే. అది మరీ పొడవైతే స్ప్రింగ్ దాని గూటిలోంచి జారొచ్చు.

ఎత్తు కోసం ముందు షాక్ పైన స్పేసర్ (దిమ్మ) పెట్టేవాళ్లకు ఒక మాట. షాక్ కింది కొస విష్‌బోన్ మధ్యలో కూర్చుంటుంది కనుక, పైన 10 మి.మీ. పెడితే చక్రం దగ్గర సుమారు రెట్టింపు లేస్తుంది. తెలియక 30 మి.మీ. పెట్టించుకుంటే బాల్ జాయింట్లు, ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో యాక్సిల్ షాఫ్ట్ బూట్లు (రబ్బరు తొడుగులు) కూడా ముందుగానే పోతాయి.

ట్విన్ ట్యూబా, మోనో ట్యూబా

ట్విన్ ట్యూబ్‌లో గొట్టంలో గొట్టం ఉంటుంది. కంపెనీ ఇచ్చేది మామూలుగా ఇదే. కేవైబీ ఎక్సెల్-జీ, ఓల్డ్ మ్యాన్ ఎము నైట్రోఛార్జర్ కూడా ఈ రకమే. మెత్తగా ఉంటుంది, రాయి తగిలి పైగొట్టం కాస్త సొట్టపడినా పనిచేస్తుంది. మోనో ట్యూబ్‌లో, అంటే బిల్‌స్టీన్ బీ6 లాంటివాటిలో, ఒకటే గొట్టం, వెడల్పాటి పిస్టన్, నైట్రోజన్ ఎక్కువ ఒత్తిడితో విడిగా. వేడి నేరుగా బయటి గోడకు చేరుతుంది, ఆయిల్ నురగ కట్టదు. కానీ గొట్టం సొట్టపడితే పిస్టన్ అక్కడే పట్టేస్తుంది.

షాక్‌ని వేడెక్కించి నీరసపరిచేది ఘాట్ మలుపులు కాదు, గరుకు మట్టి రోడ్డు మీద 50, 60 వేగంతో గంటలకొద్దీ సాగే ప్రయాణం. మీ వారం అలా గడుస్తుంటే మోనో ట్యూబ్‌కి పెట్టిన డబ్బు దండగ కాదు. హైదరాబాద్‌లో తిరుగుతూ నెలకోసారి విజయవాడ హైవే ఎక్కే బండికి కంపెనీ షాక్, లేదా గాబ్రియేల్, మన్రో, కేవైబీ వంటి పేరున్న ట్విన్ ట్యూబ్ చాలు.

"గట్టిది వేస్తే బండి కుదురుగా ఉంటుంది" అన్నది సగం నిజమే. కంపెనీ స్ప్రింగ్‌కి మరీ గట్టి షాక్ కలిపితే వరస గతుకుల్లో చక్రం తిరిగి దిగేలోపే తరవాతి గతుకు వస్తుంది. సస్పెన్షన్ అంతకంతకు కుంగి, చివరికి కర్రలా కొడుతుంది. బుల్లెట్‌ప్రూఫ్ చేయించిన బండికి, ఎప్పుడూ టాప్ మీద సామాను మోసే బండికి మాత్రం ముందు ఆ బరువుకు తగ్గ స్ప్రింగ్, దానికి జోడీగా తయారైన షాక్ తీసుకోవాలి.

ల్యాండ్ క్రూజర్ 300లో ఏవీఎస్ (షాక్ గట్టిదనాన్ని కంప్యూటరే మార్చే వ్యవస్థ) ఉన్న రకానికి, ఎక్స్‌యూవీ700లో ఎఫ్ఎస్‌డీ షాక్స్ (గతుకుల తీరునుబట్టి గట్టిదనం మార్చుకునేవి) ఉన్న రకాలకు అదే తరహావి వేయాలి. మామూలువి వేస్తే బండి స్వభావమే మారిపోతుంది, ఏవీఎస్ ఉన్నచోట వార్నింగ్ లైటు కూడా రావొచ్చు.

కొనేటప్పుడు

ఒకే యాక్సిల్‌కి రెండూ కలిపే మార్చాలి. కొత్త డస్ట్ బూట్లు (రాడ్‌కి దుమ్ము పట్టకుండా కప్పే తొడుగులు), బంప్ స్టాప్‌లు, ముందువాటికి టాప్ మౌంట్‌లు, కొత్త లాక్ నట్లు కూడా తీసుకోండి. చిరిగిన బూటుతో కొత్త షాక్ వేస్తే దుమ్ము రాడ్‌ని గీసి సీల్‌ని తినేస్తుంది. గ్యాస్ షాక్‌కి కట్టిన పట్టీ తెంపితే రాడ్ తనంతట తాను బయటికి రావాలి. రాకపోతే గ్యాస్ లేదు, తిరిగిచ్చేయండి. ఉత్త ఆయిల్ షాక్‌కి ఈ పరీక్ష వర్తించదు. రాడ్ మెరుపులో గీత, వెల్డింగ్‌లో ముద్దలు, చేత్తో అతికించినట్టున్న లేబుల్ కనిపిస్తే వదిలేయండి. తక్కువకు వస్తాయని రీకండిషన్ చేసినవి అసలు వద్దు. రంధ్రం పొడిచి ఏదో ఆయిల్ నింపి వెల్డ్ చేసిన షాక్‌లో వాల్వుల లెక్కే ఉండదు.

బిగించేచోట నిలబడి చూడాల్సినవి

ట్విన్ ట్యూబ్‌ని నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా సాగదీసి మూయాలి. పడుకోబెట్టి ఉంచినందువల్ల లోపలి గొట్టంలో చేరిన గాలి అలా పోతుంది. వెనక ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు విప్పించండి, యాక్సిల్ కింద జాక్ ఉండాలి. రెండూ ఒకేసారి విప్పితే యాక్సిల్ వేలాడి బ్రేక్ హోస్ లాగుతుంది. ముందు షాక్‌నుంచి స్ప్రింగ్ విడదీయడానికి సరైన స్ప్రింగ్ కంప్రెసర్ తప్పనిసరి. అది లేని షెడ్‌లో ఈ పని చేయించొద్దు, జారితే ప్రాణం మీదికి వస్తుంది. రాడ్ తిరుగుతోందని ప్లయర్‌తో పట్టనివ్వకండి, ఒక్క గీతతో కొత్త సీల్ పోతుంది.

అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు బుష్ బోల్ట్ దగ్గర. బండి లిఫ్ట్ మీద, చక్రాలు వేలాడుతుండగా రబ్బర్ బుష్ బోల్టులు బిగించేస్తారు. కిందికి దించాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి, కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. లిఫ్ట్ మీద చేత్తో బిగించి, చక్రాల మీద బండి బరువు పడ్డాక టార్క్ రెంచ్‌తో వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పినంత బిగించాలి.

ముందువి మార్చిన రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించండి. 500 కి.మీ. తిరిగాక బోల్టుల టార్క్ మళ్లీ చూసి, సీల్ దగ్గర ఆయిల్ జాడ ఉందేమో టార్చ్ వేసి చూడండి.