స్క్రీనింగ్ లిస్టులో పేషెంట్లు రావడం లేదా? ముందు ఒక్క ఓపీ చీటీ తీయండి

ఓపీ ముందు షుగర్ పేషెంట్లు వరండా దాకా బారులు తీరి ఉంటారు. ట్రయల్‌కు (చికిత్సను మనుషులపై పరీక్షించే అధ్యయనానికి) సరిపోయేవాళ్ల స్క్రీనింగ్ లిస్టు కోసం ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో దాని షరతులు పెట్టి వెతికితే మాత్రం సున్నా, లేదంటే పట్టుమని పది పేర్లు. కర్నూలులో ట్రయల్ కో-ఆర్డినేటర్‌గా ఉన్న నన్ను తోటివాళ్లు ఎక్కువగా అడిగేది దీని గురించే. ట్రయల్‌లో పేషెంట్ల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి మీ చేతిలో ఉందనుకునే చెబుతున్నా.

దాదాపు అందరూ వదిలేసే పని ఒకటుంది. ట్రయల్‌కు సరిపోతారని ఖాయంగా తెలిసిన ఒక్క పేషెంటు ఓపీ చీటీ తీసుకోండి. ఆ నంబరు కొట్టి, షరతులు ఒక్కొక్కటే కలుపుతూ పోండి. ఏ షరతు దగ్గర పేరు మాయమైతే తప్పు అక్కడుంది. ఐదు నిమిషాల పని. దయచేసి ఇది చేశాకే సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేయండి.

జబ్బు పేరు దగ్గర మాయమైతే: మీరు ఐసీడీ కోడ్‌తో (జబ్బులకు అంతర్జాతీయంగా వాడే గుర్తుతో) వెతుకుతున్నట్టు. టైప్-2 షుగర్‌కు ఈ11. కానీ ఆ కోడ్ వేసేది ఎక్కువగా డిశ్చార్జి అయినవాళ్లకే. ఓపీలో చూపించుకుని వెళ్లిపోయినవాళ్లకు చాలాసార్లు కోడే ఉండదు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ రాయించుకున్నవాళ్లు, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకున్నవాళ్లు అని వెతకండి.

ల్యాబ్ విలువ దగ్గర మాయమైతే: నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. మాకు హెచ్‌బీఏ1సీ 7.5 శాతం పైన ఉన్నవాళ్లు కావాలి. లిస్టు వచ్చింది, పేర్లూ ఉన్నాయి, అనుమానమే రాలేదు. మూడు వారాలయ్యాక డాక్టరుగారు పత్తికొండ నుంచి వచ్చిన ఒకామె రిపోర్టు నా ముందు పెట్టి, "ఈమె పేరేదమ్మా?" అన్నారు. రిపోర్టులో 10.4. లిస్టంతా చూశాను, 10 దాటినవాళ్లు ఒక్కరూ లేరు.

ల్యాబ్ విలువలు అంకెలుగా కాక అక్షరాలుగా నిల్వ అయ్యాయి. అప్పుడు కంప్యూటర్ మొత్తం విలువను కాక, ముందు మొదటి గుర్తునే పోలుస్తుంది. 1 కన్నా 7 పెద్దది కాబట్టి 10.4 కన్నా 7.5 పెద్దదనుకుంటుంది. అదే 7.5 నుంచి 10.5 మధ్య అని అడిగితే లిస్టు ఖాళీగా వస్తుంది. షుగర్ అదుపు తప్పి, అందరికన్నా ముందు మనం చూడాల్సినవాళ్లే ఇలా జారిపోతారు.

పట్టుకోవడం తేలికే. ఎక్సెల్‌లో ఆ కాలమ్ ఎడమవైపు అంటుకుని ఉందా చూడండి. అంకెలైతే మామూలుగా కుడివైపు ఉంటాయి. పెద్ద నుంచి చిన్నకు వరుస పెట్టండి, 9.9 పైన ఉండి 10లు అడుగున తేలితే ఇదే రోగం. ముందు శాతం గుర్తు, ఖాళీలు తీసేసి, ఆ తర్వాతే అంకెలుగా మార్చండి. గుర్తు ఉండగా మారిస్తే 10.4 కాస్తా 0.104 అవుతుంది. ">14" (14 పైన అని) లాంటివి అంకెలుగా మారవు, వాటిని విడిగా తీసి కంటితో చూడండి. లిస్టు తీసే ప్రతిసారీ ఇది చేయలేరు కాబట్టి ఆ ఫీల్డునే అంకెల రకానికి మార్చమని ఐటీ వాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వండి.

తేదీలో రోజు, నెల తారుమారవడం, ఒకే మనిషికి రెండు నంబర్లు ఉండడం కూడా జరుగుతుంటాయి. చీటీ పరీక్షలోనే బయటపడొచ్చు.

లిస్టు సరిగ్గా ఉండి ఫోన్ కలవకపోతే: కౌంటర్లో ఇచ్చింది కొడుకు నంబరో, పక్కింటివాళ్లదో అయి ఉంటుంది. ఆదోని, కోసిగి వైపు వాళ్లు మిరప కోతలకు గుంటూరు వెళ్లి ఉండొచ్చు. ఓపీ కౌంటర్లోనే రెండో నంబరు రాయించండి. ఫోన్ ఎవరెత్తినా, పేషెంటే లైన్లోకి వచ్చేదాకా జబ్బు పేరు గానీ ట్రయల్ సంగతి గానీ ఎత్తకండి.