డ్రమాక్టర్ కనుమలో చిరిగిన టైరు
స్కాట్లాండ్‌లో పిట్‌లాక్రీ నుంచి ఏవీమోర్‌కి ఎనిమిది మందిమి సైకిళ్ల మీద బయల్దేరాం. ఏ9 హైవే పక్కనే సాగే 7వ నంబరు సైకిల్ దారి. సుమారు 460 మీటర్ల ఎత్తున్న డ్రమాక్టర్ కనుమ దగ్గర ఎదురుగాలి, సన్నటి వాన. పదునైన రాయి తగిలి నా వెనక టైరు పక్కభాగం అంగుళం మేర కోసుకుపోయింది. ట్యూబు మార్చి గాలి కొడితే చీలికలోంచి బుడగలా ఉబ్బింది. ఒకటే టెన్షన్.

అప్పుడు జేబులో ఐదు పౌండ్ల నోటు గుర్తొచ్చింది. ఇప్పటి నోట్లు ప్లాస్టిక్‌వి, తడిస్తే నానిపోవు. నాలుగు మడతలు పెట్టి, టైరు లోపల చీలికకు ఆనించి ట్యూబు సర్దాను. గాలి కాస్త తక్కువే కొట్టాను. ఎక్కువైతే మడతతో సహా ఉబ్బుతుంది. వెనక చక్రం మీద బరువు తగ్గాలని నా సంచులు మిత్రులు పంచుకున్నారు. ఆ సాయం మరువలేను. డాల్విన్నీ దాటి ఏవీమోర్ చేరేదాకా నోటు కదల్లేదు. అక్కడ కొత్త టైరు వేయించాను.