చెట్టు టైముకు మనం పోవాలె: వరంగల్ దిక్కు కల్లుకు పోయేటోళ్లకు

గోడకు ఎడ్లబండి చక్రం, మూలకు ఉట్టి, నెత్తి మీద కందిళ్లు వేలాడదీసి పల్లెటూరు లెక్క తయారుచేసిన బార్లు హైదరాబాదుల చానా ఉన్నయి. కూసోను మంచిగనే ఉంటయి. చెట్టు మీదికెల్లి అప్పుడే దిగిన కల్లు మాత్రం అండ్ల దొరకదు. హనుమకొండల ఉన్నోళ్లకు జనగామ రోడ్డు పట్టినా, పరకాల రోడ్డు పట్టినా, నర్సంపేట రోడ్డు పట్టినా అది గంట దూరంల దొరుకుతది. అయితె బారుకు పోయినట్టు రాత్రి ఎనిమిదింటికి బండి తీస్తె వట్టి చేతుల తోటి తిరిగి వస్తరు. లేకుంటె తాగకూడనిది తాగి వస్తరు. కల్లుకు దాని గడియారం దానికి ఉన్నది. రుచి, నిషా, కడుపు నొప్పి, కల్తీ అన్నీ ఆ గడియారం తోటే ముడిపడి ఉంటయి.

ముందుగాల అది అర్థం చేసుకోవాలె. తాటిచెట్టు గెల కోసినప్పుడు కారేది కల్లు కాదు, నీర. 100 పాళ్లల్ల 10 నుంచి 15 పాళ్ల దాంక చక్కెర ఉండే తీపి నీళ్లు. కల్లు పట్టను చెట్టుకు కట్టే కుండను లొట్టి అంటరు. దాని లోపల పాత కల్లు మడ్డి ఇంత అంటుకోని ఉంటది, అదే దానికి తోడు. పాలల్ల పెరుగు చుక్క పడ్డట్టే, నీర చుక్క లొట్టిల పడ్డ కాడికెల్లి పులుసుడు మొదలైతది. లొట్టి లోపల సున్నం పూస్తె ఈస్టు పని జేయదు, నీర నీర లెక్కనే ఉంటది. హైదరాబాదుల నెక్లెస్ రోడ్డు మీద 2023ల తెరిచిన నీర కేఫ్‌ల అమ్మేది పులియని ఆ నీరనే. సున్నం లేని లొట్టిలదైతె దించినంక గంట, రెండు గంటలు తీపి ఎక్కువ ఉంటది. ఆ తర్వాత చక్కెర తగ్గుకుంట నిషా పెరుగుతది. మంచిగ పులిసిన కల్లుల 4 నుంచి 6 శాతం ఆల్కహాల్ ఉంటది, అంటె మామూలు బీరు అంత. తెల్లారితె పుల్లగ, సిర్క దారి పడ్తది.

కల్లు గీసే గౌడన్నలు చెట్టెక్కేది రోజుకు రెండు పూటలు. పొద్దుగాల దించేది రాత్రంత సల్లకు కారింది కాబట్టి తియ్యగ ఉంటది. సాయంత్రం దించేది ఎండల ఉడికింది, కారంగ, గ్యాసు గ్యాసుగ ఉంటది. తీపి కావాల్నంటె పొద్దున ఆరు, ఏడింటికి పోవాలె. నిషా కావాల్నంటె సాయంత్రం. నలుగురు దోస్తులు కలిసి కూసునేది సాయంత్రమే గనుక ఇక్కడ ముచ్చట సాయంత్రం గురించే. చలికాలం నాలుగింటికల్ల, ఎండకాలం ఐదింటికల్ల కల్లు చెట్ల వనంల ఉండాలె. చీకటి పడ్డంక ఎవరూ చెట్టెక్కరు. ఏడింటికి మీకు పోసేది ఎప్పటిదో మీరే లెక్కజేసుకోండ్రి.

ఏ కాలంల పోతె ఏది దొరుకుతదో కూడ తెల్వాలె. చలికాలం ఈత కల్లు. చెట్టు పొట్టిగ ఉంటది, మెడ కాడ గీస్తరు, కల్లు తియ్యగ ఉంటది. చలి తగ్గుతున్నప్పుడు తాళ్లు, అంటె తాటిచెట్లు మొదలైతయి, ముందు పోద్దాళ్లు అంటె పోతు చెట్లు, ఎండలు ముదిరినంక పండుతాళ్లు అంటె కాయ కాసే చెట్లు. పండుతాడు గెలను కల్లుకు గీస్తె ఆ గెలకు ముంజలు రావు, అందుకే కొందరు రైతులు తమ చెట్లను గీయనియ్యరు. వానకాలం పోవుడు దండుగ. కారేది తక్కువ, దాంట్ల వాన నీళ్లు పడ్తయి, చెట్టు జారుతది. ములుగు అవతల ఏజెన్సీ దిక్కు జీలుగు కల్లు అని ఇంకోటి ఉన్నది. దాని రుచే వేరు, దానికోసం ప్రత్యేకంగ పోవాలె.

ఫోన్ ఒకరోజు ముందే చెయ్యాలె. చానామంది గౌడన్నలకు వాడికె పెట్టుకున్నోళ్లు ఉంటరు, వాళ్ల లొట్టి వాళ్లకే. మీరు ఉన్నపలంగ పోయి పది సీసాలు అడిగితె, ఉన్నదాంట్ల నీళ్లు కలుస్తయి, లేకుంటె నిన్నటిది కలుస్తది. ఐదుగురికి మనిషికి రెండు బీరు సీసాల లెక్కన 10 సీసాలు, అంటె ఆరున్నర లీటర్లు చాలు. మొదటిసారి తాగేటోళ్లుంటె ఎనిమిదే చెప్పుండ్రి. సీసాకు ఎంత, లొట్టికి ఎంత అని ఫోన్‌లనే మాట్లాడుకోండ్రి. చెట్టు కిందికి పోయినంక బేరం చేసుడు మర్యాద కాదు. ఆయన 50, 60 అడుగులు ఎక్కి దిగి వస్తున్నడు. 21 ఏండ్లు నిండనోళ్లను తీస్కపోవద్దు, తెలంగాణల చట్టం అదే.

జనగామ రోడ్డు పడితె ఒక పని చేయొచ్చు. రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌ల సర్వాయి పాపన్న గౌడ్ కోట ఉన్నది. మొగలాయిల మీద తిరగబడి 1708ల వరంగల్ కోటను కొట్టిన పాపన్న పుట్టింది గీతకార్మికుల ఇంట్లనే. మూడింటికి కోట చూసుకోని, నాలుగింటికి వనానికి రావొచ్చు.

తీస్కపోవాల్సిన సామాను: కాళ్లు మొత్తం కప్పే బూట్లు, రెండు టార్చిలైట్లు, సాప, మంచినీళ్లు మనిషికి రెండు లీటర్లు, పల్చటి తెల్ల బట్ట లేకుంటె చాయ జాలి, చెత్త వేసుకోను సంచి. బూట్లు ఎందుకంటె తాటిమట్ట అంచుకు రంపం లెక్క కరుకు ఉంటది, చెప్పుల కాలు దాని మీద పడితె చీరుకపోతది. మట్టల కుప్పల కింద తేళ్లుంటయి. చెట్టు మొదట్ల సాప పరుసుడు చానామంది చేసే తప్పు. నీడ బాగుంటది గని మీద కత్తి, లొట్టి, ఎండిన మట్ట ఏదైనా జారొచ్చు. పది అడుగులు దూరం జరగుండ్రి, మనిషి మీద ఉన్నప్పుడైతె ఇంకా దూరం.

గౌడన్న చెట్టెక్కే సామాను మోకు, ముస్తాదు, గుజి కింద పెట్టి ఉంటె వాటిని దాటొద్దు, కాలు తాకొద్దు, ఫోటో కోసం నడుముకు కట్టుకోవద్దు. పక్కన గౌడన్నల దేవుడు కాటమయ్యకు రాయి పెట్టి ఉంటె చెప్పులు విడువాలె. మొదటి లొట్టి వంచినప్పుడు రెండు చుక్కలు నేలకు సాక పోస్తరు. అది అయ్యేదాంక ఆగాలె. ఇవి మర్యాద కోసమే కాదు. ఆ మోకు మీద ఆయన ప్రాణం ఉంటది. చెట్టు మీదికెల్లి పడి చనిపోయేటోళ్లు, నడుములు ఇరిగేటోళ్లు ఎక్కువనే అని 2024ల ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరు మీద సేఫ్టీ కిట్లు ఇచ్చుడు మొదలువెట్టింది.

ఇగ రేక. గ్లాసుల తాగొచ్చు, కాని వనందాంక పోయి స్టీలు గ్లాసు ముందు పెట్టుకునుడు బాగుండదు. లేత తాటాకును దోనె లెక్క మలిచి ఒక కొస ముడిచి ఇస్తరు, అదే రేక. ముడిచిన కొసను ముందుకు పెట్టి, తెరిచి ఉన్న కొసను కింది పెదవికి ఆనించాలె. రెండు అరచేతుల మీద రేక మధ్యభాగం ఆనాలె, వేళ్లతోటి నొక్కితె మడత ఇప్పుకోని అంగీ మొత్తం తడుస్తది. పోసేటాయన ముడిచిన కొస దిక్కు పోస్తడు, కల్లు మెల్లగ నోటిదాంక జారుకుంట వస్తది. మీ దిక్కు కొంచెం వాలు ఉంటె చాలు. ఎక్కువ వంచితె ముక్కులకు పోతది, నురుగు గనుక దగ్గు ఆగదు. చాలు అని నోటితోటి చెప్పే వీలుండదు. ఒక చెయ్యి లేపాలె, రెండో చేతిల రేక నిలవాలె. ఇది రెండోసారికి గని రాదు. తాగేముందు బట్టల వడపోయమని అడుగుండ్రి. తేనెటీగలు, చీమలు, ఈగలు పడుడు మామూలే, తేనెటీగ నాలుకను కుడితె గొంతు వాస్తది. మూత లేని లొట్టిల గబ్బిలాలు కూడ మూతి పెడ్తయి. బంగ్లాదేశ్‌ల ఈత నీర తాగినోళ్లకు నిఫా వైరస్ అంటుకున్నది ఈ దారి నుంచే. వల కట్టిన లొట్టి ఉంటె అదే అడుగుండ్రి.

మొదటి రేక మీద రెండో రేక వెంటనే వద్దు. తీపి ఉన్న కల్లు నీళ్ల లెక్క దిగుతది, నిషా అర్ధగంట తర్వాత తెలుస్తది. సీసాకు ఒక గ్లాసు మంచినీళ్లు తాగుండ్రి. కల్లు మీద విస్కీ కలుపుడు, అందరికంటె ముందు పడిపోవాలన్న తొందర ఉన్నోళ్ల పని.

తినుడు కాడ అందరూ మటన్ మీద పడ్తరు. ఐదుగురికి కిలో మటన్, ఇంట్లనే వండుకోని పోతె మంచిది. బోటి, తలకాయ కూర కూడ అంతే. వనంల పొయ్యి పెట్టాల్నంటె చెట్లకు దూరంగ, ఆకు అలము ఊడ్చిన నేల మీద మూడు రాళ్లు పెట్టి, పక్కన బిందెడు నీళ్లు ఉంచుకోవాలె. ఎండిన మట్టకు నిప్పు అంటితె చెట్టు కొసదాంక పోతది, ఒక చెట్టు పోతె ఒక ఇంటికి ఎన్నో ఏండ్ల కూలి పోయినట్టే. అసలు కల్లుకు జోడీ గుడాలు. అరకిలో శనగలు రాత్రి నానబెట్టి, కనీసం 8 గంటలు, ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లల్ల చెంచన్నర ఉప్పేసి కుక్కర్‌ల నాలుగు విజిల్లు. రెండు చెంచాల నూనెల జీలకర్ర, కరివేపాకు, ఆరు పచ్చిమిరపకాయలు, రెండు ఉల్లిగడ్డలు వేసి పోపు పెట్టి కలపాలె. నిమ్మకాయ అక్కడికి పోయినంకనే పిండాలె. నాననివి తింటె కడుపుల గాలి. కల్లుల గ్యాసు ముందే ఉన్నది, రెండూ కలిస్తె రాత్రంత జాగారమే. బొబ్బర్లైతె నాలుగు గంటలు నానితె చాలు, రెండు విజిల్లు. సర్వపిండి పొద్దున చేసినా సాయంత్రానికి కరకరలాడుతది, సంచిల పెట్టుకోండ్రి.

కల్తీ ముచ్చట తప్పకుంట చెప్పాలె. కల్తీ కల్లుల కలిపేవి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి నిద్రమందులు, తీపికి శాక్రిన్. రోజూ అదే తాగేటోళ్లకు అది దొరకకపోతె చేతులు వణుకుతయి, పిచ్చి చూపులు, ఫిట్సు. 2015ల నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు దాడులు జేసి కల్తీ ఆపినప్పుడు దవాఖానలు ఇసొంటి రోగులతోటే నిండినయి. 2025 జులైల హైదరాబాదు కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లుకు మనుషులే పోయిండ్రు. రంగు, నురుగు చూసి పట్టుకుంటమనుకునుడు భ్రమ. చెట్ల లెక్క చూసుడు నయం. ఏ కాలమైనా, ఏ గంటకైనా, ఎంతమంది వచ్చినా అదే రుచి కల్లు దొరుకుతున్నదంటె చుట్టుపక్కల అన్ని తాళ్లు ఎక్కడున్నయో అడుగుండ్రి. చెట్టు మాట వినదు, దాని పూటకే అది ఇస్తది. అందుకే కండ్ల ముందట దించింది, లొట్టి మీదికెల్లి నేరుగ వంచింది తప్ప వేరేది ముట్టొద్దు. ఒక్క సీసా కల్లుకే పది నిమిషాలల్ల నాలుక మందమై, మెడ నిలవక, నిద్ర ముంచుకొచ్చిందంటె అది కల్లు నిషా కాదు. ఆ మనిషిని పక్కకు తిప్పి పండబెట్టుండ్రి, బలవంతంగ కక్కియ్యొద్దు, 108కి చెయ్యాలె, మిగిలిన సీసాను పారబోయకుంట డాక్టరుకు చూపెట్టాలె.

తిరిగి వచ్చుడుకు మనిషిని ముందే తేల్చుకోండ్రి, అంటె తాగని మనిషిని. కల్లే గదా అని బండి నడిపితె పోలీసోళ్లు ఊదిపిచ్చే మిషన్ ఊకోదు. 100 మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాములు దాటితె కేసు, మొదటిసారికే 10 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాంక జైలు, లేకుంటె రెండూ. రెండు సీసాల కల్లు అంటె రెండు సీసాల బీరే, మూతి కడుక్కుంటె తగ్గది.

ఇంటికి తెచ్చుకునేటప్పుడు ప్లాస్టిక్ సీసాల ముప్పావు వరకే పోయాలె, మూత సగమే తిప్పాలె. లోపల ఇంకా పులుస్తనే ఉంటది, బిగించితె సీసా ఉబ్బుతది, గాజుదైతె పగులుతది. కారు డిక్కీల ఒకసారి పగిలితె ఆ వాసన నెల రోజులు పోదు. ఫ్రిజ్‌ల పెట్టినా పులుసుడు నెమ్మదిస్తది గని ఆగదు. రాత్రికే ఒడగొట్టుండ్రి, తెల్లారి మూత తీస్తె ముక్కుకు సిర్క వాసన కొడితె మోరీల పోయాలె.