యాక్సెస్ అప్లికేషన్ అమ్మబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

నెలల తరబడి కూర్చుని డేటాబేస్ ప్రోగ్రామ్ అయిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఒక అప్లికేషన్ రాశారు, కొనేవాళ్లూ దొరికారు. ఫైలు పంపే ముందు ఒక్క పూట ఆగండి. చెయ్యి దాటిన కాపీ మళ్లీ వెనక్కి రాదు.

మీరు రాసిన ఏసీసీడీబీ ఫైలును (యాక్సెస్ మామూలు ఫైలు) ఉన్నదున్నట్టు ఎవరికీ ఇవ్వకండి. ఏసీసీడీఈగా, అంటే కోడ్ చూడ్డానికీ మార్చడానికీ వీలులేని రూపంలోకి మార్చి ఇవ్వండి. అందులో వీబీఏ (యాక్సెస్ ప్రోగ్రామింగ్ భాష) సోర్స్ కోడ్ ఉండదు, ఫారాల, రిపోర్టుల డిజైన్ తెరుచుకోదు. అసలు ఫైలు మీ దగ్గర పదిలంగా ఉండాలి, లేకపోతే రేపు చిన్న మార్పు కూడా చేయలేరు. 32 బిట్‌లో చేసిన ఏసీసీడీఈ 64 బిట్ యాక్సెస్‌లో తెరుచుకోదు కాబట్టి, వాళ్ల దగ్గర ఏది ఉందో ముందే అడగండి.

చాలామంది ఇంతటితో ఊపిరి పీల్చుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఏసీసీడీఈలోనూ టేబుళ్లు, క్వెరీలు, మాక్రోలు బయటికి కనిపిస్తూనే ఉంటాయి. ఇంకో ఖాళీ డేటాబేస్ తెరిచి ఇంపోర్ట్ చేసుకుంటే వచ్చేస్తాయి. నా మొదటి అప్లికేషన్‌లో డేటా ఉంచే ఫైలైన బ్యాక్ ఎండ్‌కు గట్టి పాస్‌వర్డ్ పెట్టి నిశ్చింతగా ఉన్నాను. ఒకరోజు ఫ్రంట్ ఎండ్‌లో (వాడేవాళ్లు తెరిచే ఫైలు) దాగి ఉండే సిస్టమ్ టేబుళ్లను తెరిచి చూస్తే, కనెక్ట్ అనే కాలమ్‌లో పీడబ్ల్యూడీ పక్కనే ఆ పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా కనిపించింది. లింక్ చేసిన టేబుల్ దాన్ని అలాగే దాచుకుంటుంది. అప్పటి నుంచి ఒక్కో కస్టమర్‌కు ఒక్కో పాస్‌వర్డ్ పెడుతున్నాను. నిజంగా గోప్యమైన డేటా అయితే వేరే డేటాబేస్ సర్వర్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పెట్టి, ఎవరి లాగిన్ వాళ్లకు ఇవ్వడమే మంచిది.

షిఫ్ట్ నొక్కి పట్టుకుని తెరిస్తే మీ స్టార్టప్ సెట్టింగులన్నీ పక్కకు పోతాయి. దీన్ని ఆపడానికి అలౌబైపాస్‌కీ ప్రాపర్టీని ఫాల్స్ చేయండి. తెలిసినవాడు బయటి కోడ్‌తో దాన్ని మళ్లీ తిప్పేయగలడు, కాబట్టి అది గడియే గానీ తాళం కాదు.

లైసెన్స్ కీ తయారుచేసే సూత్రాన్ని అప్లికేషన్‌లో ఉంచొద్దు. లైసెన్స్‌పై సంతకం చేసే ప్రైవేట్ కీ మీ దగ్గరే ఉండాలి, ఆ సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ మాత్రం లోపల ఉంటే చాలు. ఫైలంతా తిరగేసినా కొత్త లైసెన్స్ పుట్టించలేరు. మెషీన్‌ను గుర్తించడానికి ఒక్క నంబరును నమ్ముకోకండి. డ్రైవ్ ఫార్మాట్ చేస్తే వాల్యూమ్ సీరియల్ మారిపోతుంది. కొన్ని మదర్‌బోర్డులు సీరియల్ అడిగితే ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ (తయారీదారు నింపాలి) అనే చెబుతాయి, అది పట్టుకుని లైసెన్స్ ఇస్తే అలాంటి ప్రతి మెషీన్‌లోనూ పనిచేస్తుంది. రెండు మూడు నంబర్లు కలిపి, ఒకటి మారినా ఒప్పుకునేలా రాయండి. డబ్బు కట్టినవాడు డిస్క్ మార్చుకున్న పాపానికి పని ఆగిపోకూడదు.

గడువు ముగిసినా వాళ్ల డేటాకు తాళం వేయకండి. అది వాళ్ల సొత్తు. కొత్త ఎంట్రీలు ఆపండి, చూసుకోవడం, ఎక్స్‌పోర్ట్ చేసుకోవడం మాత్రం సాగనివ్వండి. ఎన్ని మెషీన్లకో, మెషీన్ మారితే ఏం చేయాలో కాగితం మీద రాసుకోండి.

చివరగా, యాక్సెస్ రన్‌టైమ్ (అప్లికేషన్ నడపడానికే తప్ప డిజైన్ మార్చడానికి పనికిరానిది) మాత్రమే ఉన్న వేరే కంప్యూటర్‌లో మీరే దొంగచూపుతో కూర్చోండి. తేదీని నెల వెనక్కి తిప్పండి. ఫోల్డర్ మొత్తం కాపీ చేసి మరో మెషీన్‌లో పెట్టి చూడండి. తర్వాత పూర్తి యాక్సెస్ ఉన్నచోట షిఫ్ట్ నొక్కి తెరవండి, టేబుళ్లు ఇంపోర్ట్ చేయండి. ఎక్కడ లోపలికి వెళ్లగలిగారో అక్కడ పని మిగిలి ఉన్నట్టే, ఆ రోజుకు ఫైలు పంపకండి.